తుడిచిన గొట్టం

ఆగస్టు 11, సోమవారం
గాజు కార్ఖానా

చిరంజీవి బావమరిదికి,

నీ బావ దీవించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ కులాసాగా ఉన్నావనే అనుకుంటున్నాను. కోపం మాత్రం తగ్గి ఉండదు. మీ ఇంటి కోపాలు నాకు కొత్తా? పన్నెండేళ్ళుగా ఒకదానితో కాపురం చేస్తున్నాను.

ముందు కబుర్లు. బట్టీకి కొత్త ఇటుకలు పరిచారు. పడమటి కిటికీ అద్దం పగిలింది. గాజు కార్ఖానాలో కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టుకున్నామంటే నవ్వకు. రంగులు కలిపే ముసలాయన నీ సంగతి రోజూ అడుగుతాడు. సీసాల ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర మీటలు నొక్కుతున్నావని చెప్తే, అంత ఊపిరి ఉన్నవాడికి మీటలేం ఖర్మ అన్నాడు.

ఇక అసలు సంగతి. ఆ రోజు పెద్ద జాడీ ఊదే వంతు మొదటిసారి నీకొచ్చింది. నేను మొదలుపెట్టి, ఊదే గొట్టం నీకందించాలి. అందించలేదు సరికదా, నువ్వే తీసుకుని నోట పెట్టుకోబోతే గుంజుకుని, అందరూ చూస్తుండగా గొట్టం మూతి గుడ్డతో తుడిచాను. మన దగ్గర గొట్టం ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వేడివేడిగా వెళ్ళాల్సిందే, తుడవడమంటే మొహాన ఉమ్మినట్టే. నీ పెదవి తగిలిందేమోనని తుడిచాననీ, నీ ఎంగిలి నాకు రోత అనీ అనుకున్నావు. నీకు పేరొస్తుందని కుళ్ళుకున్నానని కూడా అన్నావట. అనవా మరి!

నీకు జ్వరం తగ్గి పొడిదగ్గు మిగిలిన రోజుల్లో ఆస్పత్రికి తీసుకెళ్ళాను కదా. నువ్వు మందుల దగ్గర నిలబడ్డప్పుడు డాక్టరమ్మ నాతో మాట్లాడింది. ఊపిరి గొట్టాల లోపల పల్చటి పొర ఉంటుందట, దాని మీద కంటికి కనపడనంత సన్నటి నూగు. మనం పీల్చిన దుమ్మూ క్రిములూ అక్కడి జిగురులో చిక్కుకుంటే, ఆ నూగు వాటిని పైకి నెట్టేస్తుందట. జలుబు వైరస్ ఆ పొరనే పాడుచేస్తుంది, నూగు రాలిపోతుంది. జ్వరం నాలుగు రోజుల్లో పోయినా, నూగు మళ్ళీ మొలవడానికి వారాలు పడుతుందట. అందాకా ఇల్లు తలుపులు తీసి ఉన్నట్టే, ఏ క్రిమైనా దర్జాగా లోపలికి పోయి ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది, దుమ్ములోకి పంపకండి, ఇంకొకరి జలుబు అంటనివ్వకండి అంది.

నువ్వేమో మర్నాడే పనిలోకి వచ్చేశావు. జాడీ అంటే నీకెంత ఆశో నాకు తెలియదా? నలుగురి నోళ్ళు తిరిగే గొట్టం నీకు వద్దనుకున్నాను. ఆ మాట నెమ్మదిగా పక్కకి పిలిచి చెప్పాల్సింది. చెప్పి ఉంటే నువ్వు నవ్వేసి ఊదేవాడివి, అదీ నా భయం. అయినా చెప్పాల్సింది. నాకు తెలిసింది గుంజుకోవడమొక్కటే, దాంతో మనిషినే పోగొట్టుకున్నాను. చాలా బాధగా ఉందిరా.

ఆర్డరు జాడీలన్నీ అనుకున్న రోజుకే వెళ్ళిపోయాయి. నేనిప్పుడు కుర్చీ వేసుకుని పెత్తనం చేస్తున్నాను. బట్టీ దగ్గర నీ చోటు ఖాళీగానే ఉంది. ఎప్పుడొస్తావో ఒక్క ముక్క రాయి.

ఇట్లు,
నువ్వు తిట్టుకుంటున్నా నీ మేలే కోరే
బావ

తా.క.: ఉత్తరం మీ అక్క చదివింది. ఈ అబద్ధాల మూట పంపిస్తారా, నిజం మీరు రాస్తారా నన్ను రాయమంటారా అని కలం చేతిలో పెట్టింది. రాస్తున్నాను.

ఆ పొద్దున నాకు ఒళ్ళు కాలిపోతోంది. నేను తుడిచింది నీ ఎంగిలి కాదురా, నాది. జ్వరమని తెలిస్తే ఓనరు ఇంటికి పొమ్మంటాడు, జాడీలు ఆగిపోతాయి. అందుకని నోరు మూసుకున్నాను. నువ్వు తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాక ఆ గొట్టం ఎవరికీ ఇవ్వలేదు. జాడీలన్నీ నేనే ఊదాను. జ్వరం తగ్గాక కూడా ఆ దుమ్ములోనే ఊదాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, డాక్టరమ్మ మాటలు నీకే గాని నాకు కాదనుకున్నాను. న్యుమోనియా పట్టుకుంది. ఆస్పత్రిలో చాలా రోజులున్నాను. పొర మళ్ళీ మొలిచిందట గాని, కుడి ఊపిరితిత్తి కింది భాగం గట్టిపడిపోయిందట. మెట్లెక్కుతూ మధ్యలో ఆగుతున్నాను. ఇక ఊదకూడదన్నారు.

నువ్వు రా. గొట్టం పట్టుకో, నేను పక్కన కూర్చుని తిడుతూ ఉంటాను. ఒక్కసారి ఇవ్వరా అని అడుగుతాను, నా సంగతి నీకు తెలుసుగా. బతిమాలుతాను కూడా. ఇవ్వకు.