శుక్రవారం ఓవర్‌టైము

రాబిగ్, సౌదీ అరేబియా,
18 నవంబరు 2007

అచ్యుతరావు గారికి నమస్కారాలు.

మన క్రికెట్ లీగు నుంచి నన్ను శాశ్వతంగా వెలివేశామని కమిటీ పంపిన కాగితం అందింది. క్లబ్బు అధ్యక్షులుగా మాత్రం మీరే కొనసాగుతున్నారట, సంతోషం.

ఏ జట్టూ ఆటగాళ్ల మీద సీజనుకు నాలుగు వేల రియాళ్లకు మించి ఖర్చు పెట్టకూడదన్న నియమం మీరు పట్టుబట్టి తెచ్చిందే. ఆ డబ్బుకి షౌకత్ లాంటి బౌలరు రాడని, మేనేజరు హోదాలో అతన్ని మన కంపెనీలో హెల్పరుగా పెట్టించిందీ మీరే. "శుక్రవారం శుక్రవారం అతని పేర పది గంటల ఓవర్‌టైము రాసెయ్యవయ్యా, సెలవు రోజు సైటులో ఎవడు చూస్తాడు?" అన్నారు. కంపెనీ టైమ్‌కీపర్ని నేనే, క్లబ్బు స్కోరర్నీ నేనే. ఒకే శుక్రవారం షౌకత్ సైటులో పైపులు మోశాడని టైమ్‌షీటులోనూ, గ్రౌండులో అయిదు వికెట్లు తీశాడని స్కోరు పుస్తకంలోనూ నా చేత్తోనే రాశాను. నా తప్పు లేదనను.

కమిటీ ముందు మీరేమన్నారు? "అవన్నీ మా టైమ్‌కీపరే చూసుకుంటాడండీ, నాకేం తెలుసు!" షౌకత్‌కి పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టించి స్వదేశానికి పంపేశారు. పాపం, వెళ్తూ వెళ్తూ మీకు సలాం చెప్పమన్నాడు. చెబుతున్నాను.

వేరే పేరుతో వచ్చి స్కోరు రాయమని నిన్న కబురు పంపారు. రాను.

మీరు కమిటీకిచ్చిన జిరాక్సుల్లో టైమ్‌షీట్ల అడుగు భాగం పడకుండా కాగితం అడ్డం పెట్టారు. అసలు షీట్లు నా దగ్గరున్నాయి. ప్రతి షీటు కిందా మంజూరు సంతకం మీదే. రేపు వాటిని కమిటీకి పట్టుకెళ్తున్నాను.

నాకూ ఎగ్జిట్ కొట్టిస్తారని తెలుసు. కనీసం ఆ కాగితం మీదైనా మీ సంతకం అందరికీ కనపడేలా పెట్టండి.

ఇట్లు,
మీ టైమ్‌కీపరు