గుమ్మం దగ్గర గాజుల చప్పుడు

సుజాతా,

ఎట్లా ఉన్నావు? నువ్వు చనిపోయి ఏడు నెలలైంది. కిషన్‌బాగ్ ఇంట్లో ఇప్పుడు నేనూ, తమ్ముడు శీనూ మిగిలాం.

వాడికి స్కిజోఫ్రెనియా అని తేలినప్పటి నుంచి వదినగా అన్నీ నువ్వే చూశావు. నేను పేపరులో విలేకరి పని చూసుకున్నాను. నువ్వు పోయాక నాకు తెలిసిన పద్ధతిలోనే వాణ్ని చూసుకోవడం మొదలుపెట్టాను. మాత్ర వేసుకున్నావా? నిద్ర పట్టిందా? ఎందుకు పట్టలేదు? జవాబు రాకపోతే గొంతు పెంచి మళ్లీ అడిగాను... నువ్వుంటే, "గిదేమన్న ప్రెస్‌మీటా? వాణ్ని జర బుక్క తిననియ్యి" అనేదానివి.

వానలు మొదలయ్యేసరికి వాడు తలుపు వేసుకున్నాడు. గోడలోంచి ఎవరో తిడుతున్నారని చెవులు మూసుకునేవాడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. మాత్రలు నా కళ్ల ముందే వేసుకుంటున్నాడని చెప్పాను. అది నిజం. ఆయన మాత్రల గురించి ఎక్కువసేపు మాట్లాడలేదు. ఇంట్లో ఎవరు మాట్లాడతారు, ఎంత గట్టిగా, ఏమని... అవే అడిగారు. రోజూ నిలదీసే ఇంట్లో ఈ జబ్బు తిరగబెట్టడం ఎక్కువట. ఇట్లాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుందన్నారు. ఇదివరకు ఎవరి దగ్గర నెమ్మదిగా ఉండేవాడని అడిగితే నీ పేరు చెప్పాను.

చెబుతూనే నీ మీద అసూయపడ్డాను. కొత్తదేం కాదు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మీరిద్దరూ చాప మీద చిక్కుడుకాయలు తుంచుతూ ఉండేవారు. నన్ను చూడగానే వాడు లేచి వెళ్లేవాడు. వాడితో పుట్టింది నేను కదా... నీలో ఏం చూశాడు?

నిన్ను పంచుకున్నందుకు వాడి మీదా అసూయే. నాతో "చాయ్ నువ్వే పెట్టుకో, నా చేతులు ఖాళీ లేవు" అనేదానివి. వాడితో మాత్రం "కూసో బిడ్డా, ఏం మాట్లాడకు, ఏం ఫికర్ లేదు."

వాడి గదిలోకి వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగి గాజులు గలగలలాడించేదానివి. ఉన్నట్టుండి ఎవరైనా లోపలికొస్తే బెదురుతాడని. నేను దాన్ని గారాబం అనుకున్నాను.

నిన్న సాయంత్రం అదే గుమ్మం దగ్గర నా బండి తాళాలు ఆడించాను. వాడు చటుక్కున తల ఎత్తాడు. ముఖం వెలిగింది... నన్ను చూశాక ఆ వెలుగు తగ్గింది. దాచను, అప్పుడూ అసూయపడ్డాను.

ఏమీ అడగలేదు. చిక్కుడుకాయల పళ్లెం చాప మీద పెట్టి నిలబడ్డాను. వాడు కాస్త జరిగాడు. "కూసో, ఏం మాట్లాడకు" అన్నాడు.

నాతో నువ్వెప్పుడూ అనని మాట. చివరికి వాడి నోట విన్నాను.

కూర్చున్నాను. రేపూ తాళాలు ఆడిస్తాను. ఆ చప్పుడుకు వాడు నాకోసం తల ఎత్తేదాకా...

రఘు