చిట్టి అడిగిన బురద

అన్నయ్యకి,

కాలికి పిండికట్టుతో కుర్చీకి అతుక్కుపోయిన నీ చిట్టి రాసేది. నేను క్షేమమే, కాలు మాత్రం కాదు. ఫోన్ చేద్దామంటే నీ చెవుల సంగతి తెలిసిందే. నేను అరిస్తే మా వీధంతా వింటుంది, నువ్వు తప్ప.

నీతో పెద్ద పని పడింది. మన ఊరి రంగుల మిల్లు వెనక కాలువలో నేనొక సూక్ష్మజీవిని పట్టుకున్నాను కదా. ఆ రంగునీళ్లలో విషాన్ని తిని బతుకుతుంది. నా ఉద్యోగమంతా దాని వెనకే గడిచింది. అది తిన్నది లోపల దేనిగా మారుతుంది, అందులోంచి ఇంకేం పుడుతుంది అని కంప్యూటర్లో పెద్ద పటం గీశాం. ఒక్క మెట్టు మాత్రం దొరకలేదు. విషం చివరికి విరిగిపోయే మెట్టే అది. దాన్ని బతికున్న జీవిలోనే చూడాలి. సెలవుల్లో మా ఫ్రీజర్ చెడిపోయి దాచుకున్నవన్నీ చచ్చిపోయాయి. ఇంకెవరి దగ్గరా లేదు, ఆ కాలువలో తప్ప ఎక్కడా దొరకనూ లేదు. ఈ ఏడే నా రిటైర్మెంటు. నేను రాలేను గనక, కాలువ నీళ్లు ఒక సీసాడు పంపించు.

నీ చెల్లెలు,
చిట్టి

తా.క. వదినకి చెప్పకు. ఆడపడుచు ఎప్పుడేం అడుగుతుందోనని ఆవిడకి పెళ్లయిన దగ్గర్నుంచీ బెంగ. కాలువ నీళ్లని తెలిస్తే ఇంకా బెంగపడుతుంది.

*

చిట్టికి,

అన్నయ్య దీవించి రాసేది. కాలు నేల మీద పెట్టకు.

నీళ్లు పంపాను. ఉన్నవి ఉన్నట్టు పంపితే నేను లాండ్రీవాణ్ణి ఎందుకవుతాను? ఊళ్లోవాళ్ల మరకలన్నీ వదిలించి, సొంత చెల్లెలికి మురికినీళ్లు పంపుతానా? మడతలు వేసిన గుడ్డలో వడగట్టాను. పటిక వేసి తేర్చాను. తెర్లేదాకా కాచాను. సీసాని సోడా నీళ్లతో తోమి ఎండబెట్టాను. మీ ఆఫీసు పెద్దవాళ్ల ముందు పెట్టినా నీకు తలవంపులుండవు.

ఎప్పటికీ నీ మంచి కోరే
అన్నయ్య

తా.క. వాసన ఒక పట్టాన పోలేదు. అందుకే లవంగాలు వేశాను.

*

అన్నయ్యకి,

సీసా అందింది. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే లవంగం పొట్టు తప్ప ఏమీ కనపడలేదు. ముందు నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు ఏడ్చాను.

సరిగ్గా చెప్పకపోవడం నాదే పొరపాటు. ఈసారి కాచొద్దు, వడగట్టొద్దు, పటిక జోలికి పోవద్దు. కాలువ అడుగున నల్లబురద ఉంటుంది, అది తియ్యి. ఎంత మురికైతే అంత మంచిది. ఎంత కంపు కొడితే నాకంత మేలు. ఆ ఒక్క మెట్టూ దొరక్కపోతే ఇన్నేళ్ల నా పటం అడుగు లేని బిందె అవుతుంది. ఆలస్యం చెయ్యకు.

నీ మీదే ఆశ పెట్టుకున్న
చిట్టి

తా.క. మా లాబ్‌లో వాళ్లు మిగిలిన నీళ్లు టీకి వాడుకోవచ్చా అని అడుగుతున్నారు.

*

చిట్టికి,

అన్నయ్య రాసేది. నీ ఉత్తరం పట్టుకుని కాలువ దగ్గరికి వెళ్లాను. మిల్లు మూతపడ్డా ఆ నీళ్లు అలాగే నిలిచి ఉన్నాయి. అమ్మ ఆ పక్క బావి నీళ్లే తాగింది. డాక్టరు లివర్ అన్నాడు, మనం నీళ్లన్నాం, మిల్లువాళ్లు ఏమీ అనలేదు.

అక్కడ నిలబడ్డాక నీ మాటకి అర్థం బోధపడింది. ఎంత మురికైతే అంత మేలన్నావు. నీకు కావలసింది సాక్ష్యం. పెద్ద ఉద్యోగంలో ఉన్నదానివి, తిన్నగా అర్జీ పెట్టలేక సూక్ష్మజీవి, పటం, మెట్టు అని డొంకతిరుగుడుగా రాశావు. పిచ్చిదానా, నాతో కూడా దాపరికమేనా? నేను పెడతాను అర్జీ, నాకేం పోయింది? నల్లబురద సీసాలో ఎత్తి తీసుకెళ్లి మున్సిపల్ కమిషనర్ బల్ల మీద మూత తీశాను. ఆయన కిటికీ దాకా వెళ్లాడు. కాలువ బాగుచేయిస్తానని సంతకం పెట్టేదాకా నేను గుమ్మం వదల్లేదు.

నీ పరువు నిలబెట్టే
అన్నయ్య

తా.క. కంగారులో సీసా ఆయన చొక్కా మీద పూర్తిగా ఒలికింది. చొక్కా మన కొట్టుకే వచ్చింది. మరక తీసి ఇచ్చాను.

*

అన్నయ్యకి,

నీకు దణ్ణం పెడతాను, ఆగు. నేను సాక్ష్యం అడగలేదు, బురదే అడిగాను. ఆ కాలువని ఎవరూ తాకకుండా చూడు. కట్టు విప్పగానే నేనే వస్తాను. అప్పటిదాకా ఒక్కరు కూడా తాకకూడదు. ఎందుకని అడగకు, నా మాట విను.

చిట్టి

తా.క. వాళ్లు బ్లీచింగు అని నోరెత్తితే అక్కడే మూయించు.

*

చిట్టికి,

అన్నయ్య సంతోషంగా రాసేది. ఎవరూ తాకకూడదన్న నీ మాట ఆఫీసులో చదివి వినిపించాను. తాకితే ప్రాణానికే ముప్పని శాస్త్రవేత్తగారు రాశారట అని ఊరంతా పాకింది. ఇక చూసుకో, ఏళ్ల తరబడి కాని పని చకచకా అయిపోయింది. పంపులు పెట్టి నీళ్లు తోడించారు. బురదంతా ఎత్తి కొలిమిలో కాల్చారు. పైన సిమెంటు పరిచారు. ఇక జన్మలో దాన్నెవరూ తాకలేరు. బావి మూసేసి కుళాయి వేశారు. పిల్లలు ఆ సిమెంటు మీద బంతాట ఆడుతున్నారు. మనకి చిన్నప్పుడు ఆ చోటే లేదు.

రాతిపలక మీద నీ పేరు చెక్కిస్తున్నారు. ప్రారంభం నీ చేతుల మీదుగానే జరగాలట. తప్పకుండా రావాలి.

నిన్ను చూసి గర్వపడే
అన్నయ్య

తా.క. వాళ్లని బ్లీచింగు మాట ఎత్తనివ్వలేదు. వాళ్ల సరుకు నాసిరకమని నీకు తెలిసే రాశావు. మన కొట్లో మంచి బస్తా ఉంటే, కాలువ పొడుగునా నేనే నా చేతులతో చల్లాను.

*

అన్నయ్యకి,

చిట్టి రాసేది. కట్టు విప్పారు, నడుస్తున్నాను.

కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. నీ ఉత్తరం బల్ల మీద బోర్లించి కొన్నాళ్లు అటువైపు చూడలేదు. ఆ జీవి ఇక లేదు. నా పటంలో ఆ మెట్టు దగ్గర ప్రశ్న గుర్తు పెట్టి అప్పగించేశాను. తర్వాత వచ్చేవాళ్లు చూసుకుంటారు, లేకపోతే లేదు. నాకు దుఃఖంగా ఉంది, నీతో కాక ఎవరితో చెప్పుకోను?

కానీ నిన్ను తిట్టబోయినప్పుడల్లా ఆ బంతాట అడ్డం వస్తోంది. నీకొక మాట ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ పోయిన ఏడు నేనీ చదువులో చేరింది ఆ కాలువ కోసమే. విషాన్ని తినే జీవి దొరికితే, అది తినే తీరు పూర్తిగా తెలిస్తే, దాన్ని పెంచి అందులో వదలొచ్చు, ఇంకే ఇంట్లోనూ అమ్మ పోదు అనుకున్నాను. జీవితమంతా పనిచేశాను. కాలువలో గరిటెడు నీళ్లు కూడా బాగుచెయ్యలేకపోయాను. నువ్వు ఒక సీసా కంపు పట్టుకెళ్లి చేసేశావు. నేను చెయ్యాలనుకున్నదే అయింది, నా చేత కాలేదంతే.

పలక మీద నా పేరు తీయించు. అమ్మ పేరు చెక్కించు.

నీ చెల్లెలు,
చిట్టి

తా.క. ప్రారంభానికి వస్తాను, రిబ్బను కత్తిరిస్తాను. అక్కడ నేను ఏడిస్తే ఆనందబాష్పాలని అందరికీ చెప్పు. అందులో సగం నిజమే.