అత్త మోకాలు, నా కాలు

ఆగస్టు 19
అత్తకి ఆపరేషన్ చేసి కుడి మోకాలు మార్చారు, ఇవాళ్టికి పదమూడు రోజులు. ఇవాళ ఆసుపత్రిలో రెండు బెల్టులిచ్చారు. ఒకటి తొడకి, ఒకటి పిక్కకి. లోపల సెన్సర్లుంటాయట. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో ఫోన్‌లో అంకె పడుతుంది. ఫిజియో జయంత్ గారు అక్కణ్ణుంచే చూస్తారు. ఆరు వారాల్లో 110 రావాలన్నారు. అప్పుడే అత్త బందరు మార్కెట్లో తన చోట స్టూలేసుకుని మళ్లీ చేపలమ్మేది. అందాకా బుట్ట నాది.

ఆగస్టు 22
58. ఏడుపు.

ఆగస్టు 25, మధ్యాహ్నం
తెల్లారకముందే గిలకలదిండి రేవుకెళ్లి, పన్నెండు దాకా మార్కెట్లో అరిచి వచ్చాను. రాగానే ఎక్సర్‌సైజు. అత్త మంచం కోడు పట్టుకుని నన్నూ, డాక్టర్నీ, పోయిన మావయ్యనీ కలిపి తిట్టింది. పదిసార్లు వంచడానికి గంట పట్టింది. నేనింకా అన్నం తినలేదు. చూడలేక బెల్టులు విప్పి నా కాలికి కట్టుకున్నాను. యాభైసార్లు, పది నిమిషాలు. 88 దగ్గర ఆపాను, ఎక్కువైతే అనుమానమొస్తుందని. అత్త నవ్వింది. ఆపరేషనయ్యాక నవ్వడం ఇదే మొదలు.

సెప్టెంబరు 6
101. వెరీ గుడ్ అని జయంత్ గారి మెసేజ్. ఇప్పుడు రోజూ నా కాలే.

సెప్టెంబరు 18
చెకప్. జయంత్ గారు ఫోన్ చూసి మెచ్చుకున్నారు. తర్వాత చేత్తో కాలు వంచారు. 62 దగ్గర ఆగిపోయింది. మళ్లీ వంచారు, అత్త అరిచింది. ఆయన నావైపు చూశారు. మిషను పాడైందేమో నాయనా అంది అత్త. నాకోసం అబద్ధమాడుతోంది. అది వినలేక, నేనే కట్టుకున్నానండీ అని చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. మత్తిచ్చి బలవంతంగా వంచాలన్నారు. అప్పుడైనా పూర్తిగా వస్తుందని గ్యారంటీ లేదట.

ఆటోలో అత్త ఒక్కటే మాటంది. "నీకు తిండి టైము దాటిపోతందని ఊరుకున్నానే."

అత్త మీద జాలితో చేశాననుకున్నాను ఇన్నాళ్లూ. నాది ఒట్టి అలసట. జాలిపడింది ఆవిడ.

సెప్టెంబరు 26
మత్తిచ్చి వంచారు. బాగా వాపు. రేపట్నుంచే బెల్టులు కట్టాలన్నారు.

సెప్టెంబరు 29, ఉదయం
మార్కెట్‌కి వెళ్లలేదు. 74. నన్ను తిట్టింది. ఆపకుండా తిట్టత్తా అన్నాను. 79. మా పుట్టింటివాళ్లందర్నీ పేరుపేరునా తిట్టింది. 83.