గుమ్మం వైపు మెట్టతామర

జలంత్రకోట, వైశాఖం

అప్పకు, నీ చెల్లెలు రాస్తున్నది.

నీ మూడేళ్ల కూతురు కాంతాన్ని మీ పెరట్లో పూడ్చిన ఏడాది, నువ్వు పూండి నుంచి రైలుబండిలో పంపిన మెట్టతామర దుంపలు మా నూతి పక్కన పాతాను. ఎర్రగా పూస్తున్నాయి. కానీ ఆ దుబ్బు నీళ్లు పారే వైపు పోకుండా, ప్రతి వేసవికీ పొడి ఇసకలో మా గుమ్మం వైపే జరుగుతోంది. ఏడాదికొక అడుగు, అదీ పసిపిల్ల అడుగు. మీ మరిది తవ్వబోయి, "మట్టి ఒంటిలాగ ఎచ్చగున్నాదే," అని గునపం వదిలేశాడు.

"సిన్నమ్మింటికి ఎల్తాను" అని కాంతం చివరిదాకా ఏడ్చిందన్నావు. ఆ దుంపలు ఎక్కడ తవ్వావప్పా?

ఈ ఉదయం గడప పక్కనే మొగ్గ విచ్చింది. తలుపు మూయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఎక్కడ తవ్వావో రాయకపోయినా సరే. కాంతం అన్నంలోకి ఏం ఇష్టంగా తినేదో రాయి.