వస్తానన్న మాట

డెలానీపూర్,
9 మార్చి 2005

అక్కా, ఇక్కడ దీవిలో మేమంతా కులాసా. భూమి ఇంకా అప్పుడప్పుడు కదులుతోంది గాని భయపడవద్దు.

మీ మరిదిగారు ఫోనులో "వెళ్తున్నా" అన్నారని నొచ్చుకున్నావట. కారణం ఇది. పక్కింటి కాంట్రాక్టరు మోహన్‌కృష్ణగారు డిసెంబరులో కార్ నికోబార్ పనికి వెళ్తూ తన లాబ్రడార్ కుక్క షేరూను మాకు అప్పగించారు. రోజూ అన్నట్టే దానితో "వస్తానురా" అన్నారు. సునామీ తర్వాత ఆయన జాడ లేదు. కుక్క మా దగ్గరే ఉంది. పొద్దున్నే గోల్ ఘర్ కూడలి దాకా పరుగెత్తించకపోతే చెప్పులు కొరికేస్తుంది. కాని ఎవరైనా "వస్తాను" అని బయల్దేరితే చాలు, వాళ్ళు తిరిగి వచ్చేదాకా గేటు దగ్గరే కూర్చుంటుంది, అన్నం ముట్టదు. చేపల గురువమ్మ అలాగే "వస్తాను" అని వెళ్ళి, మరునాడు బుట్టతో వచ్చి చూసి, "ఓలమ్మ, నానేటి దీని మేనత్తనా, నాకోసం కూకుంది!" అంది. అందుకే అశుభమైనా మేమంతా "వెళ్తున్నా" అంటున్నాం.

నువ్వు ఓడలో మా దగ్గరికి వచ్చేటప్పుడు కొత్త చింతపండు, కుక్కకు గట్టి గొలుసు తీసుకురా. బావగారి మోకాలు నొప్పి తగ్గిందా? ఆయనకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

తిరిగి వెళ్ళే రోజు గేటు దగ్గర నువ్వూ "వస్తాను" అనకు. జెట్టీ దాకా నేను వస్తాను, అక్కడ నాతో ఆ మాట అని ఓడ ఎక్కు.

నీ చెల్లెలు
కావేరి