రెండు గొట్టాల నడుమ

తొండియార్‌పేట,
ఆగస్టు 9

ప్రియమైన పంకజానికి,

నువ్వు ఫోను ఎత్తవు. మీ అమ్మ ఎత్తినా, "అది మాట్లాడనంటా ఉండాది నాయనా" అని పెట్టేస్తోంది. అందుకే ఉత్తరం.

మన శివరాం శవపరీక్ష ఫలితం వచ్చిందని నిన్న ఆసుపత్రికి పిలిచారు. గుండె డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం వాడికి పుట్టుకతోనే తప్పు చోట మొదలైందట. గుండెలోంచి బయటికొచ్చే రెండు పెద్ద గొట్టాల నడుమ నుంచి పోతోందట. గట్టిగా పరుగెత్తితే అవి ఉబ్బి దాన్ని నొక్కేస్తాయట. పోలీసు సెలక్షను కోసం పరుగెత్తుతూ మన బిడ్డ మైదానంలో కూలిపోయింది అందుకేనంది.

ఇది ఒక్కోసారి ఒకే కుటుంబంలో ఇంకొకరికీ ఉంటుందట. వాడి చెల్లెలికి సీటీ స్కాను తీయించమంది. రంజనిని తీసుకురా. అంతవరకు ఆటలాడనివ్వకు.

నీ
ఆదిమూలం

గుమ్మిడిపూండి,
ఆగస్టు 17

రంజని నాయనకు,

ఉత్తరం అందింది. రంజని బాగుంది. తింటోంది, బడికి పోతోంది. దాన్ని ఏ మిషనులోకీ పంపను. వాడిని గుడ్డ చుట్టి ఇచ్చిన ఆ చోటికి మళ్లీ రాను.

ఆ ఉదయం షూలు తొడుక్కుంటూ వాడేమన్నాడు? "నాయనా, ఎదలో పట్టేసినట్టుండాది, ఈ పొద్దు పరుగు మానేదా?" అన్నాడు. "సెలక్షను నీ కోసరం ఆగతాదా, లెయ్‌రా" అన్నారు మీరు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. పుట్టుకతో వచ్చిందని డాక్టరు చెబితే మీకు మనసు తేలికపడుతుంది. నాకు పడదు.

ఇక రాయకండి.

పంకజం

తొండియార్‌పేట,
ఆగస్టు 24

ప్రియమైన పంకజానికి,

వద్దన్నా రాస్తున్నాను. నువ్వన్నది నిజం. వాడు చెప్పాడు, నేను వినలేదు. డాక్టరమ్మకూ ఆ మాట చెప్పాను.

నా మనసు తేలిక కోసం అడగడం లేదు. ఇంటికి రమ్మనీ అడగను. తల్లిదండ్రులను కూడా చూడాలన్నారు, నేను నిన్న స్కాను తీయించుకున్నాను. నాకేమీ లేదు. చేతికి సూది వేసి రంగుమందు ఎక్కిస్తారు, ఒళ్లంతా కాసేపు వేడెక్కుతుంది, అంతే. మన పక్కింటి ఆరోగ్యమేరి ఆ ఆసుపత్రిలోనే ఆయా కదా, ఆమె మీకు తోడుంటుంది. మీరొచ్చే రోజు నేను మనలి ఫ్యాక్టరీలో డ్యూటీలోనే ఉంటాను. నా మొహం చూడక్కర్లేదు.

మనకు మిగిలింది అదొక్కతే పంకజం.

నీ
ఆదిమూలం

తొండియార్‌పేట,
సెప్టెంబరు 28

పంకజానికి,

నెల దాటింది, జవాబు లేదు. మీరు ఆసుపత్రికి వచ్చి వెళ్లారా అని ఆరోగ్యమేరిని అడిగితే తల దించుకుని లోపలికి పోతోంది. రంజనికి ఏమైనా ఉందా? ఉందనో లేదనో ఒక్క ముక్క రాయి.

ఆదిమూలం

గుమ్మిడిపూండి,
అక్టోబరు 3

ప్రియమైన మీకు,

ఆరోగ్యమేరిని ఏమీ అనకండి. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే.

రంజనికి ఏమీ లేదు. ముందు అది వినండి. నాళాలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

స్కానుకు వచ్చిన రోజు మిషనును చూసి వణికిపోయింది. "అన్నను కోసినట్టు నన్నూ కోస్తారా?" అంది. "ఇది కొయ్యదు పాపా, ఫోటో తీస్తాదంతే. ముందు నేను పోతా, చూడు" అన్నాను. ఎటూ తల్లినీ చూడాలన్నారు కదా అని, దాని భయం తీరడానికి నేను ఎక్కాను. నేను నవ్వుతూ దిగాక అది ఎక్కింది.

డాక్టరమ్మ దాని ఫోటో చూపించి, దాన్ని బయట కూర్చోమంది. తర్వాత నాది చూపించింది. నా నాళం కూడా ఆ రెండు గొట్టాల నడుమ నుంచే పోతోంది. "శివరాంకు నా నుంచే వచ్చిందా?" అని అడిగాను. "అట్లా తేల్చి చెప్పలేమమ్మా" అంది, నా చెయ్యి పట్టుకుని.

మెట్లెక్కితే నాకూ ఎద పట్టేసేది. గ్యాసనుకుని సోడా తాగి ఊరుకునేదాన్ని. ఒక్కసారి నోరు తెరిచి చెప్పుంటే, నన్ను చూసినవాళ్లు వాడినీ చూసేవాళ్లేమో. మిమ్మల్ని అన్నది వెనక్కి తీసుకోను. నన్ను నేను అనుకుంటున్నది అంతకన్నా ఎక్కువ.

ఎద తెరిచి ఆపరేషను చేయాలట. ఆలస్యం చెయ్యొద్దన్నారు. వచ్చే సోమవారం చేర్చుకుంటారు. ఏమీ కాదని మాత్రం ఎవరూ అనలేదు. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

ఇది రాస్తుంటే రంజని బయట పిల్లలతో పరుగెత్తుతోంది. దానికి ఏమీ లేదని తెలిసినా అటు చూడలేకపోతున్నాను. నా సంగతి దానికింకా తెలియదు. మీరొచ్చి చెప్పండి.

మీ
పంకజం